డబ్బా మీది పేరు

డెబోరా గెలవగా నేను చూసిన తగాదా ఒకటుంది. ఆమె అంటే నాకు పడదు కాబట్టి ఓడిన తగాదాతో మొదలుపెట్టాలని ఉంది గానీ, అటువంటిది నా కళ్ళతో చూడలేదు.

పటాన్‌చెరు ఫ్యాక్టరీల మధ్య, నా చాయ్ కొట్టుకు ఆనుకొని ఒక ధర్మకాంటా ఉంది. లారీలను తూచే కాంటా. నేలకు సమంగా పెద్ద ఇనుప పలక, పక్కన ఒక గది, గదిలో కంప్యూటర్, దాని ముందు కుర్చీ. ఆ కుర్చీ డెబోరాది. సరుకుకు పోయే లారీని ముందు ఖాళీగా తూస్తారు. ఫ్యాక్టరీలో లోడు ఎత్తుకొని వచ్చాక మళ్ళీ తూస్తారు. రెండు తూకాలకూ మధ్య తేడాయే సరుకు. ఖాళీ లారీ బరువు ఎక్కువ పడితే సరుకు తక్కువ ఎత్తినట్టు కనపడుతుంది. అందుకని కొందరు డ్రైవర్లు ఖాళీ తూకానికి కేబిన్ నిండా మనుషులను ఎక్కించుకొని వస్తారు. లోడు తూకానికి వచ్చేసరికి వాళ్ళెవరూ ఉండరు.

ఆ రోజు ఎండ మాడ్చేస్తోంది. ఒక పొడుగు లారీ పలక ఎక్కింది. కేబిన్‌లో మనుషులు మోకాళ్ళు మోకాళ్ళు ఒరుసుకుంటూ కూర్చున్నారు. డెబోరా బయటికి వచ్చి దిగమంది.

"ధూప్ బహుత్ ఉంది మేడం. పాణం పోతది. తూచేయ్ జల్దీ," అన్నాడు డ్రైవర్.

"పాణం పోతే శవాన్ని సుత దింపే తూస్త. దిగు."

"దిగ."

ఆమె గదిలోకి పోయి తన కుర్చీ తెచ్చి, లారీకి ఎదురుగా ఆ ఇనుప పలక మీదే వేసుకొని కూర్చుంది. ఒళ్ళో అన్నం డబ్బా పెట్టుకొని మూత తీసింది.

"గదేంది మేడం?"

"మీరంత ఎక్కిండ్రు, నేను సుత ఎక్కిన. మీరు దిగినంక దిగుత. నాకేం జల్దీ లేదు."

వెనక లారీలు హారన్లు మొదలుపెట్టాయి. ఆమె పప్పన్నం కలుపుకుంటూ, ముద్ద ముద్దకూ ఆ డ్రైవర్ మొహం వంకే చూస్తూ తింటోంది. హారన్లు కొట్టేవాళ్ళు మొదట తిట్టింది ఆమెనే. కాసేపటికి తిట్లు కేబిన్ వైపు మళ్ళాయి. చివరికి వెనక లారీల వాళ్ళే వచ్చి తలుపు గుంజి ఒక్కొక్కణ్ణీ కిందికి లాగారు. ఆమె చెయ్యి కడుక్కొని, కుర్చీ ఎత్తుకొని లోపలికి పోయి తూకం కొట్టింది. చెయ్యి కడుక్కున్న నీళ్ళు నా డ్రమ్ములోవి. అడగలేదు.

ఆమె అటువంటి మనిషి.

పుట్టింది రుద్రారం పక్కన. మా పుట్టిల్లూ అటే కాబట్టి నాకు మొత్తం తెలుసు. నాయనమ్మ మొక్కుకొని పెట్టిన పేరు పోచమ్మ. బడిలో పోచమ్మ, రేషన్ కార్డులో పోచమ్మ, ఆధార్‌లోనూ పోచమ్మే. ఇంటిల్లిపాదీ చర్చికి పోవడం మొదలుపెట్టాక పాస్టరు గారు నీళ్ళలో ముంచి లేపి డెబోరా అన్నారు. నీళ్ళలోంచి లేచిందేమో లేచింది, ఇక పోచమ్మ అంటే పలకనని కూర్చుంది. మంచి పేరే పెట్టారు, కాదనను. కానీ వెనక నుంచి ఎవరైనా 'పోచమ్మా' అంటే మెడ దానంతటదే తిరుగుతుంది. తిరిగాక మొహం మాడుతుంది. ఆ మాడడం చూడడానికే నేను పిలుస్తుంటాను.

వయసులో ఉండగా మందు గోలీల కంపెనీలో ప్యాకింగ్ పని చేసింది. అక్కడి సూపర్‌వైజర్ ఆడవాళ్ళు బాత్రూంకు పోయినా గేట్‌పాస్ చూపించమన్నాడట. ఆ పాస్ వాడి చాయ్ గ్లాసులో వేసి వచ్చేసింది. తర్వాత ఈ కాంటా గది ఊడ్వడానికి కుదిరింది. అప్పటి ఆపరేటర్ ఒకనాడు చెప్పకుండా మానేశాడు. లారీలు బారులు తీరాయి. యజమాని వచ్చి చూసేసరికి చీపురు గోడకు ఆనించి ఉంది, ఈమె కుర్చీలో కూర్చొని తూకం కొడుతోంది. ఎప్పుడు నేర్చుకుందో ఎవరికీ తెలియదు. లెమ్మనే ధైర్యం ఆయనకు లేదు. మొగుడు దేవసహాయం చర్చి బడిలో వాచ్‌మన్, నోట్లో నాలుక లేని మనిషి. మధ్యాహ్నం డబ్బా తెచ్చి ఇచ్చి, ఆమె చూడకుండా నా దగ్గర ఒక చాయ్ తాగి పోతాడు. ఆయన మీద నాకే కోపమూ లేదు.

యజమాని పేరు హరినాథ్. తండ్రి కోస్తా నుంచి ప్రభుత్వ ఫ్యాక్టరీలో ఉద్యోగానికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. కొడుకు ఇక్కడే పుట్టి పెరిగినా నన్ను 'మామ్మగారూ' అంటాడు. ఎవరికి మామ్మను నేను.

ఇక అసలు సంగతి. కాంటా గదిలో కంప్యూటర్‌కు డ్రైవర్ల ఫోన్ల నుంచి ఏదో వైరస్ పట్టి పాడైంది. హరినాథ్ అన్నగారి బిడ్డ శ్రావ్య, కిష్టారెడ్డిపేట అపార్ట్‌మెంట్లలో ఉంటుంది, కంప్యూటర్ ఉద్యోగం. ఆ పిల్ల వచ్చి పాతదంతా తుడిచి లైనక్స్ అనేది ఎక్కించింది. దానికి వైరస్ పట్టదట. అప్పటి నుంచి తెర మీద ఒక పొట్ట పక్షి బొమ్మ. అంతవరకు బాగానే ఉంది. బాగుండనిది యూపీఎస్. కరెంటు పోతే కంప్యూటర్‌ను కాసేపు మోసే బ్యాటరీ డబ్బా అది. కాసేపు మోసి, శక్తి అయిపోగానే వదిలేస్తుంది. కంప్యూటర్ ఉన్నపళంగా చచ్చిపోతుంది. అప్పుడు ఆనాటి తూకాలన్నీ ఉన్న ఫైలు చెడిపోతుంది. కరెంటు పోయినప్పుడు డబ్బా కూత పెడుతుంది, నిజమే. వినాలంటే మనిషి గదిలో ఉండాలి కదా. డెబోరా కుర్చీలో ఉండేది తక్కువ, పలక మీద నిలబడి లారీ చక్రాలు చూస్తూ తగువాడేది ఎక్కువ.

ఒకనాడు అదే జరిగింది. ఆమె బయట ఒక డ్రైవర్‌ను దులుపుతోంది. లోపల డబ్బా కూసి కూసి ఆగిపోయింది. పొద్దుటి నుంచి తూచిన ఖాళీ లారీల తూకాలన్నీ పోయాయి. ఆ లారీలేమో ఫ్యాక్టరీలో లోడు ఎత్తుకొని వరసగా వచ్చి నిలబడ్డాయి. ఖాళీ బరువు తెలియకుండా సరుకు ఎంతో ఎట్లా తేలుతుంది. మొత్తం దింపి మళ్ళీ తూచి మళ్ళీ ఎత్తమన్నారు ఫ్యాక్టరీ వాళ్ళు. ఇనుప పైపుల లోడు. హమాలీలు ఆ ఎండలో దింపుతూ అన్న మాటలు ఇక్కడ రాయను.

సాయంత్రం హరినాథ్ వచ్చాడు. డెబోరా ఆయన ముందు నిలబడి ఏమందో వినండి.

"కరెంటు పోలె సార్. ఎదురుంగ మిల్లుల లైట్లు ఎలుగుతనే ఉండె. ఎవరో మన మెయిన్ దించిండ్రు. మెయిన్ ఎవరి దిక్కున్నదో చూడుండ్రి."

మెయిన్ స్విచ్ కాంటా గది బయటి గోడకు ఉంటుంది. ఆ గోడకు ఎదురుగా నా పొయ్యి. డ్రైవర్లు, హమాలీలు, హరినాథ్, అందరూ నా వంక చూశారు.

"నేనెందుకు దించుతనే," అన్నాను. "నీ కంప్యూటర్ సస్తే నాకేమొస్తది?"

"నేను పరేషాన్ అయితే సంబురపడేదానివి నువ్వొక్కదానివే."

అది అబద్ధం కాదు. కానీ నేను దించలేదు. నాకు ఒకరి మీద కోపం ఉంటే మొహం మీద అంటాను, గోడ మీది స్విచ్‌తో నాకేం పని. మర్నాడు యాదగిరి అనే ఎలక్ట్రీషియన్ వచ్చి మెయిన్ విప్పితే లోపల వైరు కాలి నల్లగా ఉంది. అదే వేడెక్కి అదే పడిపోయిందన్నాడు. కొత్తది బిగించాడు. డెబోరా పక్కనే నిలబడి విన్నది. నా వంక చూడకుండా లోపలికి పోయింది. 'తప్పయింది అవ్వా' అనడానికి నోరు పడిపోతుంది కదా.

హరినాథ్ మాత్రం గట్టిగానే చెప్పాడు.

"డెబోరా గారూ, ఇక నా చేతుల్లో లేదండి. ఇంకోసారి తూకాలు పోతే ఫ్యాక్టరీ వాళ్ళు కాంటాలో తమ మనిషిని కూర్చోబెడతామంటున్నారు. కొత్త యూపీఎస్ తెప్పించాను. దీనికి వైరుంది. కరెంటు పోయిందని ఇదే కంప్యూటర్‌కు చెప్తుందట, శక్తి అయిపోయేలోపు కంప్యూటర్ అన్నీ దాచుకొని తనంతట తానే ఆగిపోతుందట. శనివారం ఫ్యాక్టరీ ఆఫీసర్ వస్తారు. ఆయన ముందు కరెంటు తీసి చూపించాలి."

"చూపియ్యకపోతే?"

ఆయన కుర్చీ వంక చూశాడు. ఆమె కూడా చూసింది. నేనూ చూశాను. ఆ కుర్చీ చేతులు ఆమె మోచేతులకు అరిగి నున్నగా ఉన్నాయి.

కొత్త డబ్బా వచ్చింది. మూత మీద ఎర్రటి అక్షరాలతో 'మహాబల్' అని ఉంది. వైరు కంప్యూటర్ వెనక గుచ్చారు. కంప్యూటర్ దాన్ని గుర్తుపట్టలేదు. ఇంట్లోకి వచ్చిన చుట్టాన్ని చూసి మొహం తిప్పుకున్నట్టు ఉండిపోయింది.

కాంటా గది కిటికీ నా కొట్టు వైపే. డెబోరా స్పీకర్ పెడుతుంది కాబట్టి శ్రావ్య ఫోన్లో మాట్లాడేదంతా నాకు వినపడుతుంది.

"ఆంటీ, కంప్యూటర్ అసలు డ్రైవర్ దొరకడం లేదంటోంది," అంది ఆ పిల్ల.

"ఈడ ఇంతమంది డ్రైవర్లు చాయ్ తాగుతుండ్రు," అన్నాను కిటికీలోంచి. "ఒకణ్ణి లోపలికి తోలాల్నా?"

బెంచీ మీద కూర్చున్నవాళ్ళు నవ్వారు. డెబోరా కిటికీ రెక్క ధన్‌మని వేసింది. ఉక్క పోసి కాసేపటికి తెరిచింది.

యూపీఎస్‌తో మాట్లాడే ప్రోగ్రాంను డ్రైవర్ అంటారట. ఒక్కో కంపెనీ డబ్బా ఒక్కో భాష మాట్లాడుతుందట. ఏ కంపెనీదో చెప్తే దాని భాష వచ్చిన డ్రైవర్‌ను పెట్టిస్తానంది శ్రావ్య. డెబోరా మూత మీద పేరు చదివింది. ఆ పిల్ల ఫోన్లోనే చెప్పి ఏవేవో మార్పించింది. పలకలేదు. ఇంకోటి మార్పించింది. పలకలేదు. చివరికి నల్ల తెర మీద ఒక మాట కొట్టమంది. అది కొడితే కంప్యూటర్‌కు ఏమేం తగిలించి ఉన్నాయో వాటి పేర్లన్నీ వరసగా వస్తాయట.

"మహాబల్ ఉందా ఆంటీ?"

డెబోరా తెర మీద వేలు పెట్టి కిందికంటా చూసింది. "లేదు బిడ్డా. మౌస్‌ది ఉన్నది, కీబోర్డుది ఉన్నది, కాంటా వైరుది ఉన్నది. మనది లేదు."

"అయితే వైరు పోయినట్టుంది."

కొత్త వైరు తెచ్చారు. అప్పుడూ లేదు. శ్రావ్యకు కూడా అంతుపట్టలేదు. హరినాథ్ ఫోన్లు చేసి చేసి విసుక్కున్నాడు. డెబోరా ఆ డబ్బాను తిట్టని తిట్టు లేదు. దుకాణం వాడికి ఫోన్ చేసి వాణ్ణీ తిట్టింది. వాడు వారంటీ ఉందంటాడు గానీ అది ఎందుకు పలకడం లేదో చెప్పడు. దేవసహాయం అన్నం డబ్బా తెచ్చి గుమ్మంలో నిలబడితే, "నువ్వు సుత గట్లనే నిలబడు, పలకకు," అంది పాపం ఆయనను. శుక్రవారం వచ్చేసింది. మొహం పీక్కుపోయింది ఆమెకు. నాకు జాలి కలిగిందని అనుకునేరు. కలగలేదు. నన్ను దొంగను చేసి అందరి ముందు నిలబెట్టిన మనిషి.

ఆ మధ్యాహ్నం ఒక లారీ తూకం అయ్యాక కూడా కదలకుండా నా కొట్టుకు అడ్డంగా ఉంది. పొగంతా నా పాల మీదికి కొడుతోంది. డెబోరా కిటికీకి వీపు పెట్టి నల్ల తెర వంక చూస్తూ కూర్చుంది.

"పోచమ్మా," అని పిలిచాను. "నీ లారీని జెర జరపమను."

మెడ తిరిగింది. తిరిగాక మొహం ఎర్రబడింది.

"ఎన్నిసార్లు చెప్పాలె నీకు. గది నా పేరు గాదు."

"గాకపోతే ఎందుకు తిరిగినవే?"

ఆమె నోరు తెరిచింది. తిట్టు వస్తుందని చూశాను. రాలేదు. ఇన్నేళ్ళలో ఆమె నోరు తెరిచి తిట్టకుండా మూయడం అదే మొదలు. మళ్ళీ తెర వైపు తిరిగింది. లేచి యూపీఎస్ వైరు పీకింది, ఆ పేర్ల మాట మళ్ళీ కొట్టింది, చదివింది. వైరు గుచ్చి మళ్ళీ కొట్టింది, మళ్ళీ చదివింది. ఫోన్ తీసింది.

"శ్రావ్యా, ఈండ్ల ఇంకో పేరున్నది. నోరు తిరుగని పేరు. వైరు గుంజితే పోతున్నది, పెడితే వస్తున్నది."

"అదే కదా ఆంటీ మన యూపీఎస్. ఆ పేరు ముందే ఎందుకు చదవలేదు?"

"మనది మహాబల్ గద. గిది మనది గాదనుకొని ఇడిసిపెట్టిన."

"లోపలి సామాను వేరేవాళ్ళ దగ్గర కొని మూత మీద సొంత పేరు వేసుకుంటారు ఆంటీ. చాలామంది అంతే. మూత మీద ఏమున్నా, కంప్యూటర్ అడిగితే అది లోపలి పేరే చెప్తుంది."

"ఆధార్ కాయితం మీది పేరు లెక్క," అంది డెబోరా మెల్లగా. ఆ పిల్లకు అర్థమై ఉండదు. నాకు అర్థమైంది. అర్థమై ఒళ్ళు మండింది. నేను ఏడిపించడానికి పిలిచిన పిలుపు ఆమెకు దారి చూపించిందా.

శ్రావ్య ఆ పేరుకు తగిన డ్రైవర్‌ను పెట్టించింది. అప్పుడింకో లంపటం. డబ్బా కనపడుతోంది గానీ దాన్ని తాకడానికి డ్రైవర్‌కు పర్మిషన్ లేదంది కంప్యూటర్. ఆ పిల్ల పర్మిషన్ ఇచ్చే రూలు ఒకటి రాయించింది. అయినా లేదనే అంది.

"వైరు ఒకసారి తీసి మళ్ళీ పెట్టండి ఆంటీ. ముందే లోపలున్నదానికి కొత్త రూలు తగలదు. బయటికి పోయి మళ్ళీ వస్తేనే."

"మా గోలీల కంపెనీ గేట్‌పాస్ లెక్కనే ఉన్నది గిది సుత," అని సణిగింది డెబోరా. "పాస్ మారిస్తె లోపలున్నోళ్ళు బయటికి పోయి మళ్ళ గేట్లకెల్లి రావాలె. గదే దరిద్రం ఈడ గూడ."

పీకి గుచ్చింది. తెర మీద వరసగా అంకెలు పడ్డాయి. బ్యాటరీ నిండా ఉందని, కరెంటు వస్తోందని, అన్నీ. పైన 'ఓఎల్' అని రెండు అక్షరాలు. అవి ఉంటే కరెంటు మీద ఉన్నట్టు, 'ఓబీ' అని మారితే బ్యాటరీ మీద ఉన్నట్టని చెప్పింది శ్రావ్య. డెబోరా కళ్ళు మూసుకొని పెదాలు కదిలించింది. ప్రార్థనో, డబ్బాను ఇంకో తిట్టో తెలియదు.

శనివారం ఫ్యాక్టరీ ఆఫీసర్ వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, దుమ్ము పడకుండా ముక్కుకు రుమాలు. ఆ పొద్దున తూచిన ఖాళీ లారీల నంబర్లు తెర మీద చూసుకున్నాడు. హరినాథ్ మెయిన్ దించడానికి గోడ దగ్గరికి పోయాడు.

"మీరొద్దు సార్," అంది డెబోరా. "మీరు దించితే ముందుగాలనే అనుకొని చేసిండ్రంటరు." కిటికీలోంచి నా వంక చూసింది. "అవ్వా, నువ్వు దించు."

"ఎవరీవిడ?" అన్నాడు ఆఫీసర్.

"నేనంటే పడనామె సార్. ఈ అడ్డ మీద ఎవరినన్న అడుగుండ్రి."

బెంచీ మీది డ్రైవర్లు తలలూపారు. అడగకుండానే సాక్ష్యం చెప్పడానికి సిగ్గు లేదు. నేను చెయ్యి తుడుచుకొని పోయి మెయిన్ దించాను. మొహమాటపడలేదు, గట్టిగానే దించాను.

గదిలో ఫ్యాను ఆగింది. డబ్బా కూసింది. తెర మీద ఓఎల్ పోయి ఓబీ వచ్చింది. అందరం కిటికీ దగ్గర గుమిగూడి చూశాం. అంకె తగ్గుతూ పోయింది. డెబోరా చేతులు ఒళ్ళో పెట్టుకొని దేన్నీ ముట్టకుండా కూర్చుంది. డబ్బా ఇంకా కూస్తుండగానే తెర మీద అక్షరాలు గబగబా పరిగెత్తి, కంప్యూటర్ తనంతట తానే మూసుకుంది. ఆఫీసర్ రుమాలు తీసి నుదురు తుడుచుకొని, ఇప్పుడు కరెంటు ఇవ్వమన్నాడు. నేను ఎత్తాను. డెబోరా కంప్యూటర్ బటన్ నొక్కింది, పక్షి బొమ్మ వచ్చింది. పొద్దుటి లారీలన్నీ ఉన్న చోటే ఉన్నాయి, ఒక్కటీ పోలేదు. ఆయన సరేనన్నట్టు తల ఊపి, నా చాయ్ వద్దని కారెక్కి పోయాడు. హరినాథ్ ఆయన వెనకే పోయాడు.

ఇక కుర్చీ ఎవరిదని ఎవరూ అడగలేదు.

లారీల సందడి తగ్గాక డెబోరా నా కొట్టుకు వచ్చింది. ఆ కాంటాకు వచ్చిన నాటి నుంచి నా బెంచీ మీద ఒక్కనాడూ కూర్చోని మనిషి వచ్చి కూర్చుంది. చాయ్ అడిగింది. పోశాను. ఒక గుక్క తాగి మొహం పెట్టింది.

"చక్కెర ఎక్కువేసినవు."

"తాగితే తాగు, లేకుంటే పో."

తాగింది. గ్లాసు తిప్పుతూ కాసేపు గోడ మీది మెయిన్ వంక చూసింది. తప్పయిందంటుందేమోనని చూశాను. ఆ మాట ఆమె నోట రాదు.

"శ్రావ్య ఒక ముచ్చట చెప్పింది," అంది. "గీ అగ్గువ ధర డబ్బాలు కొన్ని దినాలకు కంప్యూటర్‌ను ఇడిసిపెడుతయంట. వైరు ఉన్నట్టే ఉంటదంట గని గుర్తువట్టదంట. కరెంటు పోయేదాంక మనకు తెల్వదంట."

"అయితే?"

"అప్పుడప్పుడు దించి చూడాలె. నేను దించితే లాభం లేదు. దించేటప్పుడు నేను లోపల కూసొనే ఉంట గద. నేను పలక మీద ఎవనితోనో లొల్లిల ఉన్నప్పుడు దించాలె. నాకు చెప్పకుంట."

"నేనా? అప్పుడు దించకుంటనే దించినంటివి గద."

ఆమె గ్లాసు కడిగి బోర్లించింది. నా గ్లాసు ఆమె కడగడం ఏమిటని అనబోయాను.

"నా మీద నీకు కడుపు మండినప్పుడల్ల వచ్చి దించు అవ్వా," అంది లేస్తూ. "మళ్ళ ఎత్తుడు మాత్రం మర్చిపోకు."